ఆడపిల్లల జట్టు ఏ ఊళ్ళో ఉండాలి?

జూనియర్ జట్టునో, శిక్షణా శిబిరాన్నో, క్రీడా హాస్టల్‌నో పెద్ద నగరం నుంచి చిన్న పట్టణానికి మార్చాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట్లాడేవాళ్ళెవరో గమనించండి. క్రీడా సంఘం అధ్యక్షుడు మాట్లాడతాడు, కార్యదర్శి మాట్లాడతాడు, స్టేడియం మా నియోజకవర్గానికే రావాలని ఎమ్మెల్యే మాట్లాడతాడు. టెండరు కోసం చూసే కాంట్రాక్టరు పైకి మాట్లాడడు గానీ ఆయన గొంతు కూడా వినిపిస్తూనే ఉంటుంది. ఆ జట్టులో ఆడే పద్నాలుగేళ్ళ పిల్లని మాత్రం ఎవరూ అడగరు. ఆమె ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఏ బడికి వెళుతుంది, రాత్రి ఎవరికి భయపడుతుంది అన్నవి క్రీడా విషయాలు కావని వాళ్ళ ఉద్దేశం. మన దృష్టిలో అసలు విషయాలు అవే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇక్కడ బతుకు తెరువంటేనే ఊరు విడిచి వెళ్ళడం. మత్స్యకారులు గుజరాత్ తీరానికి పోతారు, కూలీలు హైదరాబాదుకూ విజయవాడకూ భవన నిర్మాణ పనులకు పోతారు. ఆటల్లో పైకి రావాలనుకున్న పిల్లలదీ అదే దారి. 1993లో హైదరాబాదు శివారు హకీంపేటలో క్రీడా పాఠశాల పెట్టారు. శ్రీకాకుళం పిల్లకి అది రైల్లో ఒక రాత్రి దూరం. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ పాఠశాల తెలంగాణకు చెందింది. మన రాష్ట్రానికి మిగిలిన క్రీడా పాఠశాల కడపలో ఉంది. అంటే శ్రీకాకుళం నుంచి దాదాపు 800 కిలోమీటర్లు. హైదరాబాదు పోయి కడప వచ్చింది గానీ ఈ మూలకి ఆట దగ్గర కాలేదు. పిల్లకి జ్వరమొచ్చిందని కబురు వస్తే తల్లి రెండు రోజుల కూలీ, రానుపోను చార్జీలు పెట్టుకుంటే తప్ప మొహం చూడలేదు.

అయినా ఈ నేల ఆడపిల్లలు సాధించినదేమీ తక్కువ కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ప్రపంచ విజేత అయింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి బరువులెత్తే పోటీ పెట్టిందే 2000లో, సిడ్నీలో. ఆ మొదటి పోటీలోనే 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమే. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించింది. అది నిలిచి ఉంటే బంగారమే. అందుకని ఆ కాంస్యాన్ని చూసి జాలిపడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. బంగారం కోసం బరువు పెంచమన్న ఆ ధైర్యం ఏ పాఠశాల నేర్పిందో చెప్పమనండి!

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ సంగతి కూడా చెప్పుకోవాలి. వెయిట్‌లిఫ్టర్ల ఊరని దానికి పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మత్స సంతోషి మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి మాదకద్రవ్య పరీక్షలో దొరికిపోవడంతో ఆ కాంస్యం వెండిగా మారింది. ఆ ఊళ్ళో బార్ పట్టిన పిల్లలు రైల్వేకీ, సైన్యానికీ, పోలీసు శాఖకీ వెళ్ళారు. బరువులెత్తడమంటే అక్కడ ఉద్యోగానికి వేసుకున్న మెట్టు. ఆడపిల్ల విషయంలో అది పెళ్ళిని నాలుగేళ్ళు వాయిదా వేయించే మెట్టు కూడా.

ఇక్కడ ఆడపిల్లలు హాకీలోకి కాక బరువుల్లోకి ఎందుకు వెళ్ళారు? వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామశాల నడిపిన రోజుల నుంచీ ఇక్కడ బలానికి గౌరవం ఉందంటారు. ఉండొచ్చు. కానీ ఆ గౌరవం మగవాళ్ళ కండలకే కదా! ఆడపిల్ల బార్ పట్టుకుంటే, ఈ గుంటనెవడు చేసుకుంటాడు, గర్భసంచి జారిపోతుంది అని బెదిరించినవాళ్ళూ ఇక్కడివాళ్ళే. అసలు కారణం నాకు వేరేగా కనిపిస్తుంది. బరువులెత్తడానికి ఒక గది చాలు. ఒక చెక్క వేదిక, ఒక బార్, కొన్ని పళ్ళాలు, నేర్పే మనిషి ఒకరు ఉంటే సరిపోతుంది. ఆ బార్ కూడా చాలా చోట్ల మగవాళ్ళదే, 20 కిలోలది, లావుపాటిది. ఆడవాళ్ళకి నియమం ప్రకారం ఉండాల్సింది 15 కిలోలది, చేతికి పట్టేంత సన్ననిది. హాకీకి అలా కుదరదు. పదకొండు మంది ఆడపిల్లలు సాయంత్రం పూట ఒకేసారి ఇంటిపని వదిలి బయటికి రాగలగాలి. పొడవు 91 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు ఉన్న మైదానం కావాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ తర్వాత పై స్థాయి ఆట గడ్డి మీద నుంచి కృత్రిమ టర్ఫ్ మీదికి పోయింది. అంటే కోట్ల రూపాయల మాట. ఊరి మధ్య ఉన్న మైదానం మగపిల్లల క్రికెట్‌కి, సభలకి, ఎగ్జిబిషన్లకి పోగా ఆడపిల్లకి మిగిలేది గోడల మధ్య గదే. మన ప్రాంతపు ఆడపిల్లలు ఆ గదిలోంచే ప్రపంచానికి వెళ్ళారు. అది వాళ్ళ ఘనత. మైదానం ఇవ్వకపోవడం మాత్రం మన సిగ్గు.

చిన్న ఊళ్ళో జట్టు ఎదగదన్న మాట నిజం కాదు. మన దేశపు ఆడవాళ్ళ హాకీని నిలబెట్టినవి చిన్న ఊళ్ళే. హర్యానాలో షాబాద్ చిన్న పట్టణం. బండి తోలే మనిషి కూతురు రాణి రాంపాల్ అక్కడే ఆట నేర్చుకుని, టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన జట్టుకి నాయకత్వం వహించింది. జార్ఖండ్‌లోని సిండేగా ఆదివాసీ జిల్లా. అక్కడి ఆవాస శిక్షణా కేంద్రంలో ఎదిగిన సలీమా టేటేను 2024లో భారత జట్టుకి కెప్టెన్‌ను చేశారు. 2021లో జాతీయ సబ్‌జూనియర్, జూనియర్ ఆడపిల్లల పోటీలు కూడా ఆ సిండేగాలోనే జరిగాయి. మన రాష్ట్రంలో 2023 ఫిబ్రవరిలో కాకినాడ జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. జట్లన్నీ కాకినాడ రాగలిగితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలు ఆగదా? (ఆ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, మల్లీశ్వరి ఊరి పక్క ఆమదాలవలసలో. రైలు కూడా మల్లీశ్వరి దగ్గరే ఆగుతుందన్నమాట.)

కాబట్టి ఆడపిల్లల శిక్షణ, జూనియర్ జట్ల శిబిరాలు ఈ రెండు జిల్లాలకు రావాలనే నా వాదన. అయితే చిన్న ఊరు అనగానే అంతా మంచే జరుగుతుందని నమ్మడానికి నేను సిద్ధంగా లేను. స్త్రీల హక్కుల గురించి మాట్లాడేవాళ్ళం ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి.

దూరం ఆడపిల్లని బాధపెడుతుంది, నిజమే. కానీ ఒక్కోసారి దూరమే ఆమెని కాపాడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండక ముందే పెళ్ళయింది. దేశపు సగటు 23.3 శాతం. హాస్టల్ ఎంత దూరంలో ఉంటే పెళ్ళిచూపులు అంత దూరమవుతాయి. ఇంటికి బస్సు దూరంలో ఉంటే, తమ్ముడికి ఒంట్లో బాగోలేదనో, నాట్లు పడుతున్నాయనో, అమ్మ ఒక్కర్తీ ఉందనో పిల్లని వారానికి రెండుసార్లు పిలిపించుకుంటారు. మగపిల్లాడిని అలా పిలిపించరు. దగ్గర కావడమంటే ఇంటిచాకిరీకి కూడా దగ్గర కావడమే. చిన్న ఊళ్ళో పొట్టినిక్కరు వేసుకుని రోడ్డు మీద పరుగెత్తే పిల్ల గురించి సాయంత్రానికల్లా నాలుగు వీధుల్లో చెప్పుకుంటారు. నగరంలో ఆ పిల్ల ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకపోవడం కూడా ఒక స్వేచ్ఛే.

ఇంతకంటే పెద్ద విషయం ఇంకోటుంది. చిన్న ఊళ్ళో కోచ్ అంటే దేవుడు. పిల్లల్ని ఎంపిక చేసేదీ, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేదీ, ఉద్యోగానికి సిఫారసు చేసేదీ ఆయనే. తల్లిదండ్రులు ఆయన కాళ్ళకి దణ్ణం పెడతారు. ఆ మనిషి మంచివాడైతే ఊరు ఊరే బాగుపడుతుంది. మల్లీశ్వరి తొలి గురువు నీలంశెట్టి అప్పన్న పేరు ఈ జిల్లాలో ఈనాటికీ గౌరవంగానే చెప్పుకుంటారు. కాకపోతే? ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? 1990లో పంచ్‌కులాలో పద్నాలుగేళ్ళ టెన్నిస్ క్రీడాకారిణిపై అఘాయిత్యం చేసినవాడు ఆ రాష్ట్ర టెన్నిస్ సంఘానికి అధ్యక్షుడు, పోలీసు ఉన్నతాధికారి కూడా. మూడేళ్ళకి ఆ పిల్ల ఆత్మహత్య చేసుకుంది. అతనికి శిక్ష పడింది 2009లో. 2010 నుంచి పదేళ్ళలో భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రాల్లో 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయనీ, అందులో 29 కోచ్‌ల మీదేననీ 2020లో బయటపడింది. 2023లో ఒలింపిక్ పతకం గెలిచిన కుస్తీ క్రీడాకారిణే ఢిల్లీ రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. పతకాలున్నవాళ్ళ గతే అదైతే, ఆమదాలవలసలోనో నెల్లిమర్లలోనో ఏ పతకమూ లేని పిల్ల మాట ఎవరు వింటారు?

చట్టం లేకపోలేదు. పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం పనిస్థలం అంటే ఏమిటో చెబుతూ క్రీడా సంస్థలనీ, స్టేడియంలనీ, శిక్షణ జరిగే చోట్లనీ, అక్కడ బస ఉన్నా లేకపోయినా, పేరు పెట్టి చేర్చింది. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి అయి ఉండాల్సిన పని లేదు. పదిమంది ఉద్యోగులు లేని చోటైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, వినడానికి ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ ఉండాలి. చిన్న ఊరి జిమ్‌లో ఒకే ఒక్క కోచ్ ఉంటాడు కనుక మన పిల్లలకి వర్తించేది ఆ జిల్లా కమిటీయే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల అయితే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. తెలిసీ పోలీసులకి చెప్పని వార్డెను కూడా దాని కింద నేరస్తురాలే. ఆడపిల్లల జట్టుతో మహిళా కోచ్ కూడా వెళ్ళాలని 2022లో క్రీడా ప్రాధికార సంస్థ జాతీయ సంఘాలకు ఆదేశమిచ్చింది. కానీ మన దగ్గర మహిళా కోచ్‌లు ఎందరున్నారు? పతకాలు తెచ్చిన ఆడపిల్లలకి రైల్వేలో గుమాస్తా ఉద్యోగమిస్తాం గానీ, ఊళ్ళో జిమ్ తాళంచెవి ఇవ్వం. మల్లీశ్వరి పెళ్ళి చేసుకుని హర్యానాలోని యమునానగర్ వెళ్ళింది. ఆమె అకాడమీ కూడా అక్కడే వెలిసింది. ఆమెని నేను తప్పుపట్టను. ఉండమని ఇక్కడ గట్టిగా అడిగినవాళ్ళెవరన్నదే నా సందేహం.

తిండి గురించి కూడా ఒక మాట. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నెత్తురు లేని పిల్ల చేత బరువులెత్తించడం, ఎండలో హాకీ ఆడించడం శిక్షణ కాదు, హింస. కోట్లు పెట్టి స్టేడియం కడతామనేవాళ్ళు రోజుకి రెండు గుడ్లకీ, గ్లాసు పాలకీ టెండరు పిలవడానికి ఏళ్ళు తీసుకుంటారు. కట్టడం మీద ఉన్న మోజు నిర్వహణ మీద ఉండదు. శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేరు మీదున్న స్టేడియాన్ని కొత్తగా కడతామని పాతది పడగొట్టాక పని ఏళ్ళ తరబడి సాగిన సంగతి ఆ ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఏళ్ళలో మగపిల్లలు ఎక్కడో ఒక ఖాళీ స్థలం వెతుక్కోగలరు. ఆడపిల్ల ఇంట్లో కూర్చుంటుంది, రెండేళ్ళు కూర్చుంటే ఆమె ఆట అయిపోయినట్టే.

మరి నగరంలో ఇప్పటికే శిక్షణ పొందుతున్న పిల్లల సంగతి? జట్టును తరలిస్తే వాళ్ళ చదువు మధ్యలో ఆగుతుంది, అలవాటైన డాక్టరు, ఫిజియో దూరమవుతారు. విశాఖ పిల్ల జ్యోతి యర్రాజి హర్డిల్స్‌లో ఆ స్థాయికి రావడానికి హైదరాబాదు, గుంటూరు, భువనేశ్వర్ తిరగాల్సి వచ్చింది. ఒక దశ దాటాక అలాంటి పెద్ద కేంద్రం అవసరమే. అందుకని నడుస్తున్నదాన్ని పీకి ఇంకోచోట నాటమని నేను అనడం లేదు. పన్నెండు నుంచి పదహారేళ్ళ దాకా ఇక్కడే, ఆ తర్వాత ఎక్కడికి పోవాలో ఆ పిల్లే తేల్చుకోవాలి. ఇప్పుడున్న పద్ధతిలో పన్నెండేళ్ళకే ఊరు విడవాలి, లేదా ఆట విడవాలి. ఎక్కువమంది ఆటనే విడుస్తున్నారు. వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ రావు.

మన సంఘాలు వెంటనే చెయ్యగలిగిన పని ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం కలెక్టరేట్లకి వెళ్ళి ఆ జిల్లా స్థానిక కమిటీలో ఎవరున్నారో, వాళ్ళ ఫోన్ నంబర్లు ఏమిటో రాతపూర్వకంగా అడగాలి. అవి తీసుకుని ప్రతి జిమ్ గోడ మీదా, ప్రతి క్రీడా హాస్టల్ స్నానాల గది తలుపు మీదా తెలుగులో అంటించాలి. ఆఫీసు గోడ మీద కాదు, స్నానాల గది తలుపు మీదే. అక్కడైతే ఆడపిల్ల ఒంటరిగా నిలబడి చదువుకోగలుగుతుంది. అంటించనివ్వని కోచ్ ఎవరైనా ఉంటే ఆ పేరు మనం రాసిపెట్టుకోవాలి.