పిల్లి కూడా ముసాఫిరే

మొన్న శిరివెళ్ల నుంచి నంద్యాల పోతుంటే, ఆటోలో నా పక్కన కూర్చున్న ఖాలా ఒడిలో మూతి కట్టిన గోనెసంచి ఉంది. లోపల పిల్లి. "విప్పితే దూకి పోతాది బేటా" అన్నదామె. మాట సచ్చే. కానీ మన దగ్గర ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది కదా, ఆ సంచిలో దానికి గాలేదీ?

మనలాగా పిల్లికి ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతోందంటే హాలత్ ఖరాబైనట్టే.

ఇంతెజాం పెద్ద ఖర్చు కాదు. గాలి ఆడే మూతబుట్ట చాలు. మూత గట్టిగా కట్టి, అది రోజూ పడుకునే పాత గుడ్డ లోపల పరవండి. ఇంటి వాసనకు భయం తగ్గుతుంది. నాలుగు రోజుల ముందే బుట్టను ఇంట్లో తెరిచి పెడితే అలవాటవుతుంది. బయలుదేరే మూడు గంటల ముందు మేత ఆపండి, నీళ్లు ఆపొద్దు. ఫజర్ కాగానే చల్లపూట కదలండి. దారిలో ఎంత అరిచినా రహమ్ అనుకొని మూత తీయొద్దు. రోడ్డు మీద దూకితే మళ్లీ దొరకదు. రేబిస్ టీకా ముందే వేయించండి.

ఒక్కరోజు షాదీకైతే అసలు తీసుకుపోవద్దని నా రాయ్. పక్కింటివాళ్లకు అప్పగిస్తే దానికీ సుకూన్, మనకూ సుకూన్.

అబూ హురైరా అంటే 'పిల్లికూన తండ్రి' అని పిల్లలకు ముచ్చటగా చెప్తాం. ఆ పిల్లలే మన చేతిలోని గోనెసంచిని కూడా చూస్తున్నారు. బేజుబాన్ జాన్వర్ మన చేతిలో అమానత్, సామాను కాదు.