కనిపించని దుమ్ముతోనే ముప్పు

టైల్స్ సందుల్లో సిమెంటు గీకాలన్నా, తలుపు అడుగు కాస్త కోయాలన్నా చేతిలో ఇమిడే ఆసిలేటింగ్ మల్టీటూల్ ఉంటే చాలు. బ్లేడు గిర్రున తిరగదు, అటూ ఇటూ వేగంగా అదురుతుంది కాబట్టి భయం తక్కువే. అసలు ముప్పు దుమ్ముతోనే. టైల్స్, సిమెంటులోని సిలికా రేణువులు కంటికి కనిపించనంత సన్నగా లేచి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్, క్యాన్సర్ రావొచ్చు. గోడల పాత రంగులో సీసం ఉంటే పిల్లల మెదడుకు చేటు.

చేతిరుమాలు సరిపోదు. ఎన్‌95 మాస్కు, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్యాను ఆపి, కిటికీలు తెరవండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. పనయ్యాక చీపురుతో ఊడ్వకుండా తడిబట్టతో తుడవండి.

మేస్త్రీని పిలిచారా? మీకిది ఒక్కరోజు ముచ్చట, ఆయన రోజూ పీల్చేది ఈ దుమ్మే. ఆయనకూ ఓ మాస్కు ఇవ్వండి.