సగం తిరిగివ్వని క్లౌడ్

మంగళగిరి పానకాల స్వామికి బిందెడు పానకం పోస్తే సగం తాగి, మిగతా సగం ప్రసాదంగా వదిలేస్తాడని మన నమ్మకం. క్లౌడ్ కంపెనీలకు ఆ అలవాటు లేదు. మీరు వాడినా వాడకపోయినా, తెరిచి ఉంచిన ప్రతిదానికీ బిల్లు వేస్తాయి.

ఇక్కడి ఐటీ పార్కులో పై డేటా సెంటర్ లాంటి పెద్ద సంస్థ ఉన్నట్టే, పది పదిహేను మందితో నడిచే చిన్న ఆఫీసులూ ఉన్నాయి. వాళ్లకు క్లౌడ్ బిల్లు చిన్న ఖర్చు కాదు. పైగా పెద్ద కంపెనీల ధరలు డాలర్లలో ఉంటాయి. రూపాయి పడితే, పని పెరగకపోయినా బిల్లు పెరుగుతుంది. అందులో వృథా ఎంతో తేల్చకపోతే చివరికి కోత పడేది కొత్తగా చేరాల్సిన కుర్రాడి ఉద్యోగానికే.

ఇంతకీ డబ్బు ఎక్కడ కారిపోతోంది?

మొదటిది డిస్కులు. సర్వర్ ఆపేస్తే దాని గంటల అద్దె ఆగుతుంది కానీ, డిస్కు అద్దె ఆగదు. సర్వర్‌ను పూర్తిగా తీసేసినా, అదనంగా తగిలించిన డిస్కు చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. పాత స్నాప్‌షాట్లదీ ఇదే కథ.

రెండోది ఐపీ అడ్రసులు. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ గంటకు 0.005 డాలర్లు తీసుకుంటోంది. వినడానికి చిల్లరే. 20 అడ్రసులు మర్చిపోతే నెలకు 72 డాలర్లు.

మూడోది టెస్టింగ్ సర్వర్లు. వారానికి 168 గంటలు. మనవాళ్లు పనిచేసేది రోజుకు 10 గంటల చొప్పున 5 రోజులు, అంటే 50 గంటలు. మిగతా 118 గంటలు ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టే. రాత్రి ఆపి, పొద్దున్నే లేపే చిన్న స్క్రిప్టు పెడితే ఆ అద్దెలో 70 శాతం మిగులుతుంది.

ఇవన్నీ మనిషి కూర్చుని వెతికితే అయ్యే పని కాదు. నెట్‌ఫ్లిక్స్ ఇందుకోసమే ‘జానిటర్ మంకీ’ అనే ప్రోగ్రాం రాసుకుని, 2013లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. అది వాడకంలో లేనివాటికి గుర్తు పెట్టేది, యజమానికి మెయిల్ పంపేది, గడువు దాటితే తీసేసేది. క్యాపిటల్ వన్ బ్యాంకు తయారుచేసిన ‘క్లౌడ్ కస్టోడియన్’ కూడా ఉచితమే. అమెజాన్ కంప్యూట్ ఆప్టిమైజర్, అజూర్ అడ్వైజర్ కూడా ఇలాంటి సలహాలే ఇస్తాయి.

అయితే ఒక్క జాగ్రత్త. ఖాళీగా కనిపించిందల్లా పనికిరానిది కాదు. మార్చి నెలాఖరులో మాత్రమే లెక్కలు కట్టే సర్వర్ మిగతా 11 నెలలూ నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. అసలు సర్వర్ పడిపోతే ఆదుకోవాల్సింది కూడా అంతే. ప్రోగ్రాంకు ఆ తేడా తెలియదు, మీరే చెప్పాలి.

అందుకే ప్రతిదానికీ ట్యాగ్ పెట్టండి: ఎవరిది, ఏ ప్రాజెక్టుది, ఎప్పటిదాకా కావాలి. మొదటి నెల ప్రోగ్రాంను జాబితా ఇవ్వడానికే వాడండి. తర్వాత ఆపడం, ఆ తర్వాత స్నాప్‌షాట్ తీసుకోవడం, ఎవరూ అడగకపోతే అప్పుడు తీసేయడం. ఆ స్నాప్‌షాట్‌కూ ఒక గడువు తేదీ రాయడం మాత్రం మర్చిపోకండి. లేకపోతే వచ్చే ఏడాది వృథా జాబితాలో మొదట కనిపించేది అదే!