రెండు సైన్యాల నడుమ ఒక సేనాని

ఇరాన్ సైనిక శక్తి అనగానే నేడు అందరి నోటా వినిపించేది రివల్యూషనరీ గార్డ్స్ పేరే. కానీ ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ దండయాత్ర నుంచి ఆ దేశాన్ని కాపాడిన 1982 నాటి విజయాల్లో, షా కాలంలో తయారైన పాత సైన్యానికీ సమాన భాగం ఉంది. విప్లవం అనుమానించిన ఆ సైన్యాన్ని, విప్లవం నుంచి పుట్టిన గార్డ్స్‌తో కలిపి ఒకే యుద్ధ పథకం కింద నడిపించిన అధికారి అలీ సయ్యాద్ షిరాజీ. ఇరాన్ గెలుపునూ, ఆ తరవాతి సుదీర్ఘ నష్టాన్నీ అర్థం చేసుకోవాలంటే ఆయన జీవితాన్ని పరిశీలించాలి.

ఖొరాసాన్ ప్రాంతంలోని దర్గజ్‌లో 1944లో పుట్టిన షిరాజీ ఫిరంగి దళ అధికారిగా ఎదిగారు. అమెరికాలో ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ కేంద్రంలో శిక్షణ పొందారు. షా సైన్యంలో ఉంటూనే మతనిష్ఠను దాచుకోని ఆయన, 1979 విప్లవం తరవాత కొత్త పాలకులకు నమ్మకస్థుడయ్యారు. ఆ నమ్మకం అప్పట్లో చాలా అరుదు. సీనియర్ జనరల్స్‌లో కొందరికి మరణశిక్షలు పడ్డాయి, వేలమంది అధికారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1980 జులైలో నోజే వైమానిక స్థావరం కేంద్రంగా సాగిన తిరుగుబాటు కుట్ర బయటపడటంతో సైన్యంపై అనుమానం రెట్టింపైంది. 1979 మేలో విప్లవ నాయకుడు ఖొమేనీ ఆదేశంతో ఏర్పడిన గార్డ్స్, విప్లవానికి కాపలాదారులుగా సైన్యానికి పోటీగా నిలిచారు. ఇలా ఇల్లు చక్కదిద్దుకోని స్థితిలో ఉండగానే 1980 సెప్టెంబర్ 22న ఇరాక్ దాడికి దిగింది.

అప్పటికి షిరాజీ కుర్దిస్థాన్‌లో ఉన్నారు. స్వయంప్రతిపత్తి కోరిన కుర్దుల తిరుగుబాటును అణచివేసిన ఆ పోరులోనే ఆయన సైనికులనూ, గార్డ్స్‌నూ కలిపి నడపడం మొదలుపెట్టారు. సర్వసైన్యాధ్యక్ష హోదాలో ఉన్న దేశాధ్యక్షుడు బనీసదర్‌తో మాత్రం ఆయనకు పొసగలేదు. బనీసదర్ ఆయన్ని పదవి నుంచి తప్పించి, తాత్కాలికంగా ఇచ్చిన హోదానూ వెనక్కి తీసుకున్నారు. షిరాజీ ఆ ఖాళీ కాలాన్ని గార్డ్స్‌తో కలిసి పనిచేయడానికి వాడుకున్నారు. ఆ కుర్రాళ్ల తెగువను, వారి అనుభవలేమిని దగ్గరి నుంచి చూశారు. 1981 జూన్‌లో బనీసదర్ పదవీచ్యుతుడు కావడంతో దారి తెరుచుకుంది. సెప్టెంబర్ చివర్లో సీ-130 విమానం కూలి పలువురు అగ్రశ్రేణి సైనికాధికారులు మరణించారు. తరవాత జరిగిన మార్పుల్లో షిరాజీ భూతల సేనాధిపతి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు. గార్డ్స్ అధిపతి మొహ్సిన్ రెజాయీకి 27.

ఈ ఇద్దరూ కలిసి ఏర్పరచిన ఉమ్మడి ప్రధాన కార్యాలయమే కర్బలా హెడ్‌క్వార్టర్స్. ఫిరంగులు, ట్యాంకులు, హెలికాప్టర్లు, వంతెనలు వేసే ఇంజినీర్లు సైన్యం దగ్గర ఉన్నారు. రాత్రిపూట శత్రువు లోపలికి చొచ్చుకుపోయే పదాతి బలం గార్డ్స్ దగ్గర, బసీజ్ స్వచ్ఛంద సైనికుల దగ్గర ఉంది. 1981 జనవరిలో సూసన్‌గెర్ద్ దగ్గర బనీసదర్ హయాంలో ట్యాంకులతో చేసిన ఎదురుదాడి ఘోరంగా విఫలమైంది. ఈసారి పద్ధతి మారింది. ఆ ఏడాది చివర్లో బోస్తాన్ పట్టణం తిరిగి చేతికొచ్చింది. 1982 మార్చిలో, నౌరోజ్ పండుగ వేళ, దెజ్‌ఫుల్, షూష్ పట్టణాలకు పడమట ఇరాకీ సేనలను చుట్టుముట్టి వేలమందిని బందీలుగా పట్టుకున్నారు. ఏప్రిల్ చివర్లో కారూన్ నదిపై తేలియాడే వంతెనలు వేసి ఆవలి ఒడ్డుకు దాటారు. నెల రోజుల్లోపే, మే 24న, ఇరాక్ ఆక్రమణలో ఉన్న ఖొర్రంషహర్ నగరం విముక్తమైంది. ఆ పోరులో బందీలైన ఇరాకీ సైనికులు దాదాపు 19 వేలు.

కీలకమైన మలుపు ఇక్కడే ఉంది. ఆక్రమిత భూభాగంలో అత్యధిక భాగం తిరిగి దక్కింది. జూన్‌లో సద్దాం తన సేనలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. అయినా దురాక్రమణదారుకు శిక్ష పడాలనీ, నష్టపరిహారం రావాలనీ టెహ్రాన్ పట్టుబట్టింది. సరిహద్దు దాటి ఇరాక్‌లోకి వెళ్లాలన్న అంతిమ నిర్ణయం ఖొమేనీదే. జులైలో బస్రా దిశగా సాగిన రమదాన్ దాడిని ఇరాక్ రక్షణ వలయాలు అడ్డుకున్నాయి. సొంత నేలపై పనికొచ్చిన మెరుపు వ్యూహాలు పరాయి గడ్డపై, మందుపాతరల మధ్య, విషవాయువుల ముందు తేలిపోయాయి. 1984లో ఇరాక్‌లోని మజ్నూన్ దీవులు చిక్కినా, 1985లో బద్ర్ దాడి విఫలమైంది. వేలాది యువకుల ప్రాణాలు చిత్తడి నేలల్లో కలిసిపోయాయి.

గెలుపులో దాగిన విభేదాలు ఓటమిలో బయటపడ్డాయి. ఆయుధ బలం, సరఫరాలు చూసుకుని కదలాలని సైన్యం వాదించింది. సంఖ్యాబలం, విశ్వాసం, వేగం చాలని గార్డ్స్ నమ్మారు. 1986 ఫిబ్రవరిలో ప్రధానంగా గార్డ్స్ సాగించిన దాడిలో ఇరాక్‌లోని ఫావ్ ద్వీపకల్పం దక్కడంతో వారి మాటకు బలం పెరిగింది. షిరాజీ, రెజాయీల విభేదాలు ముదిరి, ఆ ఏడాది ఆగస్టులో షిరాజీ భూతల సేనాధిపత్యం కోల్పోయారు. ఖొమేనీ ఆయన్ని అత్యున్నత రక్షణ మండలిలో తన ప్రతినిధిగా నియమించారు. గౌరవం దక్కింది, సేన మాత్రం చేజారింది.

1988 జులైలో కాల్పుల విరమణ కోరిన ఐరాస 598వ తీర్మానాన్ని ఇరాన్ అంగీకరించింది. కొద్ది రోజులకే ఇరాక్ అండతో, టెహ్రాన్ పాలకులను వ్యతిరేకించే ముజాహిదీన్-ఎ-ఖల్క్ సంస్థ బలగాలు సరిహద్దు దాటి కెర్మాన్‌షా వైపు దూసుకొచ్చాయి. షిరాజీ సైనిక హెలికాప్టర్లను కదిలించి చార్‌జెబర్ కనుమ దగ్గర వాటిని చావుదెబ్బ తీశారు. ఆ వేసవిలోనే ఇరాన్ జైళ్లలో వేలాది రాజకీయ ఖైదీలను ఉరితీశారు. రణరంగ విజయాన్ని కీర్తించేవారు ఆ చీకటి అధ్యాయాన్ని విస్మరించకూడదు. పదకొండేళ్లకు, 1999 ఏప్రిల్ 10న, టెహ్రాన్‌లో తన ఇంటి ముందే షిరాజీ హత్యకు గురయ్యారు. వీధులు ఊడ్చే కార్మికుడి వేషంలో వచ్చిన వ్యక్తి ఆయన్ని కాల్చి చంపాడు. అది తమ పనేనని ముజాహిదీన్ ప్రకటించింది. అప్పటికి ఆయన సాయుధ దళాల జనరల్ స్టాఫ్ ఉపాధిపతి.

రెండు సైన్యాల వ్యవస్థ ఇరాన్‌లో నేటికీ కొనసాగుతోంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ దాడుల్లో గార్డ్స్ నుంచి ఎదిగిన సాయుధ దళాధిపతి మొహమ్మద్ బాఘెరీ మరణించినప్పుడు, ఆ స్థానాన్ని సైన్యానికి చెందిన అబ్దుర్రహీం మూసవీతో భర్తీ చేశారు. ఆపదలో రెండు బలగాలూ ఒకదానికొకటి అవసరమన్న షిరాజీ అనుభవానికి అది మరో రుజువు. అంతకంటే పెద్ద పాఠం మరొకటుంది. పోయిన నేలను సేనాని తిరిగి గెలిచి ఇవ్వగలడు. ఆ గెలుపు దగ్గర ఆగి శాంతిని నిలబెట్టుకోవాల్సింది ప్రభుత్వం. 1982లో టెహ్రాన్ ఆగలేదు. ఆ నిర్ణయానికి రెండు దేశాల ప్రజలు మరో ఆరేళ్లపాటు తమ బిడ్డల ప్రాణాలతో మూల్యం చెల్లించారు.