దాచే చేయి, అమ్మే చేయి ఒకటే అయితే

2019 నవంబరు 22న సెబీ, హైదరాబాద్‌కు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థపై ఉత్తర్వులిచ్చింది. ఖాతాదారుల షేర్లను తన ఖాతాకు మార్చుకుని, వాటిని తాకట్టు పెట్టి బ్యాంకుల దగ్గర అప్పులు తెచ్చుకుందన్నది అభియోగం. దాదాపు 95 వేల మంది మదుపరులు, 2,300 కోట్ల రూపాయల విలువైన షేర్లు. తెలుగు నేల మీద దాదాపు నాలుగు దశాబ్దాలుగా వేళ్లూనుకున్న సంస్థ అది. అయినా పది రోజులు తిరిగేసరికి, డిసెంబరు 2 నాటికి, 82,559 మంది షేర్లు తిరిగి వాళ్ల వాళ్ల డీమ్యాట్ ఖాతాల్లోకి చేరాయి. అప్పులిచ్చిన బ్యాంకులు లబోదిబోమంటూ ట్రిబ్యునల్‌కెక్కాయి గానీ, షేర్లు మాత్రం యజమానుల దగ్గరికి వెళ్లిపోయాయి. దీని పక్కనే మరో లెక్క పెట్టి చూడాలి. ప్రపంచంలో తొలినాటి బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజీల్లో పెద్దదైన మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో టోక్యోలో దివాలా పిటిషన్ వేసింది. దాని ఖాతాదారులకు కాయిన్లు తిరిగి ఇవ్వడం మొదలైంది 2024 జూలైలో. అక్కడ పది రోజులు, ఇక్కడ పదేళ్లు. కార్వీ యాజమాన్యం నిజాయితీగా ఉండడం వల్ల ఈ తేడా రాలేదు. షేర్లు నమోదై ఉన్న పుస్తకం కార్వీ చేతిలో లేదు, ఎన్‌ఎస్‌డీఎల్ అనే డిపాజిటరీ దగ్గర ఉంది. కార్వీ షేర్లను మార్చుకున్న ఖాతా కూడా ఆ పుస్తకంలోదే కాబట్టి, ఏ షేరు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో జాడ చెరిగిపోలేదు. క్రిప్టో ఎక్స్ఛేంజీల విషయంలో మన దేశం ఈ ఒక్క పాఠాన్ని ఇంకా అమలు చేయలేదని, మిగతా చర్చంతా దీని తర్వాతేనని నా వాదన.

షేర్ మార్కెట్లో కొనేవాడినీ అమ్మేవాడినీ కలిపే ఎక్స్ఛేంజీ వేరు, మన తరఫున ఆర్డరు వేసే బ్రోకరు వేరు, డబ్బు ఉండే బ్యాంకు వేరు, షేర్లు ఉండే డిపాజిటరీ వేరు. ఈ విభజన ఊరికే రాలేదు. 1992లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడ్డాక, 1996లో డిపాజిటరీల చట్టం తెచ్చుకున్నాం. క్రిప్టో ఎక్స్ఛేంజీ మాత్రం ఈ నాలుగు పనులనూ ఒకే గొడుగు కిందికి తెచ్చేసింది. మన డబ్బు దాని బ్యాంకు ఖాతాలో పడుతుంది, కాయిన్ దాని వాలెట్‌లో ఉంటుంది, బేరం దాని తెర మీదే జరుగుతుంది, ఎవరికి ఎంత రావాలో రాసుకునే పద్దు కూడా దాని సర్వర్‌లోనే ఉంటుంది. మిర్చి రైతు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పెడితే లాట్ నంబరుతో రసీదు ఇస్తారు. ఆ నంబరు టిక్కీలు ఫలానా గదిలో ఉన్నాయని చూపించగలరు. ఎక్స్ఛేంజీ చేసేది అందరి మిర్చినీ ఒకే కుప్పగా పోసి, ఎవరికెన్ని క్వింటాళ్లో తన నోటు పుస్తకంలో రాసుకోవడం లాంటిది. కుప్ప తరిగిపోయిన సంగతి పుస్తకం చెప్పదు. అందరూ ఒకేసారి వచ్చి అడిగిన రోజునే అది తెలుస్తుంది.

మౌంట్ గాక్స్‌లో అక్షరాలా ఇదే జరిగింది. 2013లో ప్రపంచ బిట్‌కాయిన్ లావాదేవీల్లో సింహభాగం దాని మీదుగా నడిచేది. కుప్పకూలినప్పుడు పోయాయని చెప్పినవి ఎనిమిదిన్నర లక్షల బిట్‌కాయిన్లు. వాటిలో ఏడున్నర లక్షలు ఖాతాదారులవి. ఆ తర్వాత పాత వాలెట్‌లో 2 లక్షలు దొరికాయి. అంతేసి సొత్తు ఎక్కడుందో సంస్థకే సరిగా తెలియదంటే లెక్కలు ఏ తీరున ఉన్నాయో ఊహించుకోవచ్చు. 2011 నుంచే దొంగతనం సాగుతున్నట్టు పరిశోధకులు తర్వాత తేల్చారు. అంటే రెండేళ్లకు పైగా ఖాతాదారులు తెర మీద చూసుకున్న నిల్వల్లో అంతకంతకూ ఎక్కువ భాగానికి వెనక కాయిన్లే లేవు. కెనడాలోని క్వాడ్రిగా ఎక్స్ఛేంజీ కథ మరీ దారుణం. దాని అధిపతి 2018 డిసెంబరులో మన జైపూర్‌లో చనిపోయారు. తాళాలు ఆయన ఒక్కడి దగ్గరే ఉన్నాయని, అందుకే కాయిన్లు తీయలేకపోతున్నామని సంస్థ చెప్పుకొచ్చింది. చివరికి 2020లో ఆంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది వేరు: ఆయన బతికుండగానే దొంగ ఖాతాలు తెరిచి, లేని సొమ్ముతో బేరాలాడి, ఖాతాదారుల డబ్బు పోగొట్టారు. ఇరుక్కుపోయినవాళ్లు 76 వేల మందికి పైనే. మొదటిది చేతకానితనం, రెండోది మోసం. ఖాతాదారు వైపు నుంచి చూస్తే రెండింటికీ తేడా లేదు, ఎందుకంటే బయటి నుంచి పద్దు సరిచూసే మూడో మనిషి రెండు చోట్లా లేడు.

ఎక్స్ఛేంజీ ఐపీ పెడితే ఖాతాదారు ఎవరవుతాడన్నది ఇంకా చిక్కు ప్రశ్న. కాయిన్ నాదైతే నా వస్తువు నాకు తిరిగి రావాలి. సంస్థ నాకు బాకీ మాత్రమే ఉంటే, మిగతా రుణదాతలతో పాటు నేనూ క్యూలో నిలబడాలి. 2015లో టోక్యో జిల్లా కోర్టు, చేతితో తాకి చూడగల వస్తువు కాదు కాబట్టి బిట్‌కాయిన్ మీద యాజమాన్య హక్కు ఉండదని తీర్పిచ్చింది. దాంతో మౌంట్ గాక్స్ ఖాతాదారుల హక్కు, కూలిన నాటి ధర ప్రకారం కాయిన్‌కు సుమారు 50 వేల యెన్‌ల బాకీగా మిగిలింది. 2017 చివరికి బిట్‌కాయిన్ ధర 20 వేల డాలర్ల దరిదాపులకు చేరింది. దొరికిన 2 లక్షల కాయిన్లలో కొంత అమ్మితేనే పాత బాకీలన్నీ తీరిపోయి, మిగిలిందంతా సంస్థ వాటాదారులకే దక్కే వింత పరిస్థితి వచ్చింది. ఖాతాదారులు పోరాడి 2018లో కేసును దివాలా నుంచి పునరుద్ధరణ ప్రక్రియకు మళ్లించుకోబట్టి గానీ, లేకపోతే సొత్తు పోగొట్టుకున్నవాళ్లు చూస్తూ ఉండగా, పోగొట్టినవాడు లాభపడేవాడు.

మన దగ్గరికొద్దాం. రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు 24న తొలి హెచ్చరిక చేసింది. ఆ హెచ్చరికలో తప్పు లేదు, ఒక్క రిస్కునూ అది అబద్ధంగా చెప్పలేదు. తప్పు ఆ తర్వాత ఉంది. హెచ్చరించినవాళ్లు నియమాలు రాయలేదు. 2018 ఏప్రిల్ 6న మాత్రం, క్రిప్టోతో సంబంధమున్న ఎవరికీ సేవలందించవద్దని బ్యాంకులన్నింటినీ ఆదేశిస్తూ సర్క్యులర్ ఇచ్చారు. అదే నెలలో ఢిల్లీలోని కాయిన్‌సెక్యూర్ ఎక్స్ఛేంజీ తన 438 బిట్‌కాయిన్లు పోయాయని ప్రకటించి, సొంత భద్రతాధికారి మీదే అనుమానంతో పోలీసులకు ఫిర్యాదు చేసింది. సెప్టెంబరులో మరో ఎక్స్ఛేంజీ జెబ్‌పే మన దేశంలో లావాదేవీలు ఆపేసింది, మరుసటి ఏడాది కాయినెక్స్ మూతపడింది. నిషేధంతో కొనుగోళ్లు ఆగలేదు. ఎక్స్ఛేంజీ బ్యాంకు ఖాతా పోయేసరికి జనం ఒకరికొకరు నేరుగా డబ్బు పంపుకోవడం మొదలుపెట్టారు. అవతల డబ్బు వేసినవాడు ఎవరో, ఆ డబ్బు ఏ సైబర్ మోసం నుంచి వచ్చిందో కాయిన్ అమ్మేవాడికి తెలియదు. నాలుగు రోజుల తర్వాత వేరే రాష్ట్రం పోలీసుల నుంచి బ్యాంకుకు లేఖ వస్తుంది, ఖాతా ఫ్రీజ్ అవుతుంది. కనీసం ఎక్స్ఛేంజీ అనే ఒక చిరునామా ఉన్న చోటు నుంచి, ఏ చిరునామా లేని చోటుకి మనుషుల్ని తోసిన ఘనత ఆ సర్క్యులర్‌ది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. క్రిప్టో వల్ల బ్యాంకులకు ఫలానా నష్టం జరిగిందని రిజర్వు బ్యాంకు చూపలేకపోయిందని, చర్య ఆ మేరకు మితిమీరిందని చెప్పింది.

ఆ తర్వాత ప్రభుత్వం కదిలింది, కానీ తన రాబడి వైపు. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకాల మీద ఒక శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసేసుకోనివ్వదు చట్టం. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చి, ఆర్థిక నిఘా విభాగం దగ్గర నమోదు తప్పనిసరి చేశారు. ఈ రెండూ అవసరమే. అయితే ఒకటి ఖజానా కోసం, రెండోది నల్లధనం జాడ కోసం. ఖాతాదారు సొత్తు ఎక్కడ, ఎవరి చేతిలో ఉండాలో రెండింటిలో ఏదీ చెప్పదు. దాని ఫలితం 2024 జూలై 18న కనిపించింది. వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి సుమారు 2 వేల కోట్ల రూపాయల విలువైన టోకెన్లు పోయాయి, దాని మొత్తం నిల్వల్లో ఇది దాదాపు 45 శాతం. పోయిన టోకెన్లు కొన్నవాళ్లకే కాదు, పోని టోకెన్లు కొన్నవాళ్లకూ ఖాతాలు స్తంభించాయి. నష్టాన్ని అందరికీ పంచుతామంటూ సంస్థ సింగపూర్ కోర్టుకు వెళ్లింది. ఏడాదికి పైగా గడిచాక, 2025 అక్టోబరులో గానీ లావాదేవీలు తిరిగి మొదలు కాలేదు. అదే నెలలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్.ఆనంద్ వెంకటేశ్ ఒక ఖాతాదారు పిటిషన్‌లో, క్రిప్టో కూడా ఆస్తేనని, దాన్ని ట్రస్టుగా ఒకరి కోసం మరొకరు పట్టుకుని ఉండవచ్చని చెప్పి మధ్యంతర రక్షణ ఇచ్చారు. ఆమెవి హ్యాకింగ్‌లో పోయిన రకం టోకెన్లు కావు. టోక్యో కోర్టు 2015లో మూసిన తలుపును చెన్నైలో పదేళ్లకు తెరిచారు. కానీ ఒక్కొక్కరూ హైకోర్టు మెట్లెక్కితే తప్ప తెరుచుకోని తలుపు ఎంతమందికి అక్కరకొస్తుంది?

నూజెండ్ల, వినుకొండ, నరసరావుపేట వైపు సామాన్యుడి పొదుపు అంటే ముందు గుర్తొచ్చేది చిట్టీ. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం నిర్వాహకుడు రిజిస్ట్రార్ అనుమతి లేకుండా చిట్టీ మొదలుపెట్టకూడదు. చిట్టీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ ముందే జమ చేయాలి, తన కమీషను చట్టం చెప్పిన మేర దాటకూడదు. రిజిస్ట్రేషన్ లేని చిట్టీలు నడిపి రాత్రికి రాత్రే బోర్డు తిప్పేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నిజమే. కానీ వాళ్లు తప్పు చేస్తున్నారని చెప్పడానికి చట్టమంటూ ఒకటుంది. పది లక్షల చిట్టీ నడిపే మనిషి నుంచి ఇంత పూచీ అడిగే దేశం, అదే నూజెండ్ల కుర్రాడు ఫోన్ నుంచి పంపే డబ్బుతో వేల కోట్ల నిల్వలు పోగేసే సంస్థను పూచీ అడగడం లేదు. పైగా ఆ యాప్‌లో కనిపించే ప్రభుత్వ నమోదు మాట చూసి, తన డబ్బుకు సర్కారు హామీ ఉందనుకునే ప్రమాదం ఎక్కువ.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. తాళం నీ దగ్గర లేకపోతే కాయిన్ నీది కాదు, ఎవరి వాలెట్ వాళ్లే పెట్టుకోండి అంటారు క్రిప్టో తెలిసినవాళ్లు. సిద్ధాంతంగా అది సరైన మాట. కానీ వాలెట్‌కు తాళంగా ఇచ్చే పదాల వరుస మరిచిపోయినా, రాసుకున్న కాగితం చెదలు తినేసినా మొత్తం పోయే పద్ధతి అందరికీ చేతనయ్యేది కాదు. ఎక్స్ఛేంజీలు పుట్టడానికి ఒక కారణం కూడా అదే. రెండో వాదన, కాయిన్ల లావాదేవీలు నమోదయ్యే బ్లాక్‌చెయిన్ బహిరంగమే కదా, ఎక్స్ఛేంజీ తన నిల్వలు చూపిస్తే చాలదా అని. నిల్వలు ఎంతున్నాయో అది చూపుతుంది, బాకీలు ఎంతున్నాయో చూపదు. అప్పు తెచ్చి ఆ ఒక్క రోజుకు చూపినా ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం రిజర్వు బ్యాంకు వర్గాలది: జూదానికి నియమాలు పెడితే దానికి ప్రభుత్వ ముద్ర పడుతుంది, ఇంకా పది మంది దిగుతారు. ఈ భయంలో న్యాయముంది. కానీ 30 శాతం పన్ను తీసుకున్న రోజే ఆ ముద్ర సగం పడిపోయింది. నేను అడుగుతున్నది ధర పడితే ఆదుకోమని కాదు. కార్వీ ఖాతాదారుల షేర్లు తిరిగొచ్చాక పడిపోయి ఉంటే ఆ నష్టం వాళ్లదే. ధర నష్టం కొన్నవాడిది, సొత్తు మాయమైన నష్టం దాచినవాడిది. ఈ గీత గీయకపోతే ఆఖరికి బిల్లు ఎవరికొస్తుందో మనకు బాగా తెలుసు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని కూలిన అగ్రిగోల్డ్ విషయంలో 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిటర్లకు డబ్బిచ్చింది ఆంధ్రప్రదేశ్ ఖజానా, అంటే అందులో పైసా పెట్టని పన్ను చెల్లింపుదారులు.

కఠినంగా ఉంటే ఎక్స్ఛేంజీలు విదేశాలకు పోతాయన్న మాటకు జపాన్ దగ్గర జవాబుంది. మౌంట్ గాక్స్ దెబ్బ తిన్నాక అక్కడ 2017 నుంచి నమోదు విధానం తెచ్చారు. 2018 జనవరిలో కాయిన్‌చెక్ ఎక్స్ఛేంజీ నుంచి 50 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాయిన్లు దొంగల పాలయ్యాక చట్టం ఇంకా బిగించారు. ఖాతాదారుల డబ్బు ట్రస్టులో ఉండాలి, కాయిన్లలో 95 శాతం ఇంటర్నెట్ తగలని వాలెట్లలో విడిగా ఉంచాలి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ కూలి ప్రపంచమంతా ఖాతాదారులు గగ్గోలు పెట్టినప్పుడు, దాని జపాన్ శాఖ ఖాతాదారులు 2023 ఫిబ్రవరి నుంచే తమ సొత్తు వెనక్కి తీసుకోగలిగారు. అదే సంస్థ, అదే యాజమాన్యం. చట్టం ఒక్కటే వేరు. మన దగ్గర ఇందుకు కొత్త సంస్థ పుట్టించక్కర్లేదు: ఖాతాదారుల కాయిన్లు ఎక్స్ఛేంజీతో సంబంధం లేని నమోదిత కస్టోడియన్ దగ్గర ట్రస్టుగా ఉండాలని, వాటిని తాకట్టు పెట్టడం నేరమని, నిల్వలనూ బాకీలనూ కలిపి స్వతంత్ర ఆడిటర్ సరిచూడాలని, ఐపీ పెడితే ఆ కుప్ప సంస్థ ఆస్తిలో కలవదని చట్టంలో రాస్తే చాలు. డిపాజిటరీల చట్టం రాసిన దేశానికి ఇది తెలియని విద్య కాదు. ఆ చట్టం వచ్చేదాకా, ప్రతి యాప్ 'కొను' అనే మీట పైనే తెలుగులో మూడు సంగతులు చూపాలి: మీ కాయిన్ ఎవరి దగ్గర ఉంటుంది, దానికి బీమా ఉందా లేదా, సంస్థ మూతపడితే ఏ దేశపు కోర్టుకు వెళ్లాలి.