ఉయ్యాల కింద సిమెంటు చప్టా

మన పట్టణాల్లో కాలనీ పార్కుల ఆధునికీకరణ పేరిట సాగుతున్న పనులు పిల్లల భద్రతకే ముప్పుగా పరిణమిస్తున్నాయి. ప్రహరీ, ముఖద్వారం, రంగుల ఆట పరికరాలు, ఓపెన్ జిమ్, శిలాఫలకం ప్రారంభోత్సవం నాటికి సిద్ధంగా ఉంటాయి. అక్కడ ఆడుకునేవారిని, వారిని తీసుకొచ్చే తల్లులను అడిగి పని మొదలుపెట్టిన దాఖలాలు మాత్రం అరుదు.

ఉయ్యాల కింద బురద అవుతుందని సిమెంటు చప్టా వేస్తారు, లేదా పేవర్ టైల్స్ పరుస్తారు. పడిన పసివాడి తల తగిలేది దానికే. ఐరోపా దేశాలు అనుసరించే ఈఎన్ 1176 ప్రమాణం పరికరం నుంచి పడగల ఎత్తును 3 మీటర్లకు పరిమితం చేసింది. ఎత్తును బట్టి కింద ఇసుక, చెక్కముక్కలు, రబ్బరు వంటి దెబ్బ తగ్గించే నేల ఉండాలంటుంది. మన దగ్గర పరికరానికి ధర కట్టేవారు కింది నేల సంగతి పట్టించుకోవడం తక్కువ. మే నెల ఎండకు కాలే రేకు జారుడుబల్ల, తుప్పు పట్టిన గొలుసు, వానలో తడిసే దీపస్తంభం తీగ కూడా ఈ నిర్లక్ష్యం ఫలితాలే.

ఏ గంటకు ఏ మూల నీడ ఉంటుందో, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఎటు వెళ్లరో రోజూ వచ్చేవారికి తెలుసు, గుత్తేదారుకు తెలియదు. అందువల్ల ప్రజాభిప్రాయ సేకరణను మర్యాదగా కాక భద్రతా చర్యగా చూడాలి. సంక్షేమ సంఘం కార్యవర్గాన్ని పిలిచి సంతకాలు తీసుకుంటే సరిపోదు. నడకకు వచ్చే పెద్దలకు గొంతు ఉంది. పక్క బస్తీ పిల్లలకు, చక్రాల కుర్చీతో వచ్చి గేటు దగ్గరి ఇనుప కమ్ముల ముందు ఆగిపోయేవారికి అది లేదు.

ఈ పరిస్థితి చట్టాలు లేక కాదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పార్కులను, ఆటస్థలాలను పురపాలికల బాధ్యతల జాబితాలో చేర్చింది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం వార్డుకు నాలుగు కమిటీలను నిర్దేశించింది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. పార్కును అందరికంటే ఎక్కువగా వాడుకునే పిల్లలకు అందులోనూ చోటు లేదు.

వాడేవారిని అడగకుండా కట్టిన పార్కుకు జనం రాకపోకలు తగ్గుతాయి. అలాంటి పార్కు మీద ఇతరుల కన్ను పడటం ఈ క్రమంలో చివరి దశ. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ పోరాటం చేసినవారు స్థానికులే. ఉన్న పార్కు తమదనే భావన లేని చోట కోర్టుకెక్కేవారెవరు?

టెండరు పిలవకముందే నమూనాను, అంచనాను పార్కు గేటు వద్ద తెలుగులో ప్రదర్శించాలి. తల్లులు, పిల్లలు రాగల సాయంత్రం వేళ సభ జరిపి, అక్కడి అభ్యంతరాలకు లిఖితపూర్వక సమాధానం ఇవ్వాలి. నిర్వహణకు విడిగా నిధి, ఏటా భద్రతా తనిఖీ లేని పనికి ఆమోదం తెలపకూడదు. ఈ బాధ్యత స్థానిక ప్రజాప్రతినిధులది, పురపాలక యంత్రాంగానిది. అంతకుముందు చేయాల్సిన పని ఒకటుంది: విరిగిన ఉయ్యాలలను, ఊడిన జారుడుబల్లలను వేసవి సెలవులకు ముందే తొలగించాలి.