పెరటి మొక్కకు ఏ నీళ్ళు? ఏ డ్రమ్ము?



"మన ఇల్లు – మన పెరడు" శీర్షికలో ఈ నెల పెరటి కూరల సంగతి మాట్లాడుకుందాము. ఖర్చు లేకుండా కూరలు పండించే మార్గాలు చాలా ఉన్నవి. అయితే రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు వైపు ఉండే కుటుంబాలు పొదుపుతో పాటు ఇంకొక మాట కూడా ఆలోచించాలి. మొక్కకు పోసే నీరు ఎక్కడిది? ఆ నీరు నిలువచేసే డ్రమ్ము ఎక్కడిది? కుండీలో వేసే బూడిద ఎక్కడిది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన తరువాతే విత్తనం పెట్టాలి.

రోజుకు 20 రూపాయల ఆకుకూర కొంటున్నామనుకుందాం. నెలకు 600, ఏడాదికి 7,200 రూపాయలు. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న మడి ఒకటి ఉంటే ఈ ఖర్చులో మంచి భాగం ఇంట్లోనే నిలుస్తుంది. ఆ డబ్బు పిల్లల ఫీజుకు అక్కరకొస్తుంది. కాని పొదుపు చేయబోయి రోగాన్ని కొని తెచ్చుకుంటే, ఆసుపత్రి బిల్లు ముందు ఆ 7,200 ఏపాటిది?

మన ప్రాంతం సంగతి

పటాన్‌చెరు చుట్టూ 1970ల నుండి ఫ్యాక్టరీలు పెరిగాయి. వాటివల్ల మన పిల్లలకు ఉద్యోగాలు దొరికాయి, అది కాదనలేము. అయితే మందుల కంపెనీల, రసాయన కంపెనీల మురుగు నక్కవాగులోనూ, చుట్టుపక్కల చెరువుల్లోనూ చేరింది. ఆ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు పిటిషన్ వెళ్ళింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్ రావు గారు ఈ విషయమై ఏళ్ళ తరబడి పోరాడారు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు దగ్గరి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఒక్క లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించారు. జ్వరానికో, ఇన్ఫెక్షనుకో డాక్టరు చీటీ రాసి ఇచ్చే మందు అది. అది నీళ్ళలో అట్లా పారితే సూక్ష్మక్రిములు మందుకు అలవాటుపడి మొండికేస్తాయి. రేపు మన బిడ్డకు జబ్బు చేస్తే అదే మందు పనిచేయకపోవచ్చు.

ఇది చదివి భయపడి పెరడు మానుకోవద్దు. అన్ని బోర్లూ చెడిపోలేదు, అన్ని మడులూ విషం కాలేదు. తెలిసి నడుచుకోవాలనే ఈ మాట చెబుతున్నాను.

మొక్కకు ఏ నీళ్ళు

వాగు నీళ్ళు, ఫ్యాక్టరీ గోడ వెంట పారే కాలువ నీళ్ళు ఎంత తేటగా కనబడినా కూరలకు పోయవద్దు. బోరు నీళ్ళకు రంగు గాని, వాసన గాని, నురగ గాని ఉంటే వాడవద్దు. నీళ్ళు పోసిన చోట మట్టి మీద తెల్లని ఉప్పు పేరుకుంటున్నా, ఆకుల అంచులు మాడుతున్నా ఆ నీళ్ళలో లవణాలు ఎక్కువైనట్టు అనుమానించాలి. ఆర్సెనిక్, సీసం వంటివి ఉంటే మాత్రం కంటికి ఏ గుర్తూ కనబడదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మీ ఊరి పంచాయతీ గాని పురపాలక కార్యాలయం గాని అడిగి, బోరు నీళ్ళు ప్రయోగశాలకు పంపించండి. ఒక్క ఇంటికి భారమనిపిస్తే పది ఇళ్ళు కలిసి ఆ వీధి బోరుకు చేయించుకోవచ్చు.

ఇంకొక సంగతి తల్లులు గుర్తుంచుకోవాలి. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గాని ఆర్సెనిక్, సీసం, ఫ్లోరైడు పోవు. కాగేకొద్దీ నీరు తగ్గి అవి ఇంకా చిక్కబడతాయి. "కాచి తాగుతున్నాము, ఫరవాలేదు" అనే ధైర్యం అన్ని నీళ్ళకూ చెల్లదు.

అయితే మొక్కకు మంచి నీళ్ళు ఎక్కడివి? మొదటిది వాన. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. లెక్క సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 320 చదరపు అడుగుల కప్పు అంటే సుమారు 30 చదరపు మీటర్లు. ఒక్క రోజు 20 మిల్లీమీటర్లు కురిస్తే 600 లీటర్లు. అందులో కొంత చిమ్మినా, ఇంకినా రెండు పెద్ద డ్రమ్ములు నిండుతాయి. మృగశిర కార్తె వాన పడగానే పట్టవద్దు. మొదటి రెండు మూడు వానలు కప్పు మీది దుమ్మును, పొగ మసిని కడిగి పోనివ్వండి. తరువాతి వానను పట్టి, నిలువచేసిన దాని మీద గుడ్డ కట్టి మూత పెట్టండి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఈ నీరు మొక్కలకే, తాగడానికి కాదు.

రెండవది వంటింటి నీరు. బియ్యం కడిగినవి, పప్పు కడిగినవి, కూరలు కడిగినవి ఒక బకెట్టులో పోసుకుంటూ పొండి. పైన చెప్పిన మడికి ఎండాకాలంలో రోజుకు ఒకటిన్నర, రెండు బిందెలు చాలు. అందులో సగం వంటింట్లోనే దొరుకుతుంది. స్నానం నీళ్ళను అరటికి, కరివేపాకు చెట్టుకు మళ్ళించవచ్చు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనకు పోయకండి.

కంపెనీలో పనిచేసే వారి బట్టలు ఉతికిన నీళ్ళు మాత్రం ఏ కూరమొక్కకూ పోయవద్దు. రసాయన కంపెనీ నుండి వచ్చిన బట్టలను పిల్లల బట్టలతో కలపక విడిగా నానబెట్టండి. అన్నదమ్ములారా, వీలైతే కంపెనీలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకొని ఇంటికి రండి. పసిబిడ్డను ఎత్తుకొనే ముందు ఈ పని ఎంతో అవసరం.

ఇంకొక పొదుపు. కొత్త మట్టికుండను మెడ వరకు మడిలో పాతిపెట్టి, నీళ్ళు నింపి మూత పెట్టండి. నీరు కుండ గోడల్లోనుండి మెల్లగా ఊరి వేళ్ళకు అందుతుంది. చుట్టూ నాలుగు సొర, బీర, దోస పాదులు పెట్టుకోవచ్చు. ఊరికి పోయి రెండు రోజులు ఉండివచ్చినా మొక్క వాడదు.

చవక డ్రమ్ము

ఇండ్లు దర్శించడానికి వెళ్ళినప్పుడు మన ప్రాంతంలో తరచు కనబడేది నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. కంపెనీలో రసాయనం వచ్చిన డ్రమ్మును తుక్కు కొట్టులో చవకగా కొని, సబ్బుతో కడిగి, కొందరు తాగే నీళ్ళు నిలువ చేస్తారు. కొందరు నిలువుగా కోసి మట్టి నింపి కొత్తిమీర వేస్తారు. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. కాని కొన్ని రసాయనాలు ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతాయి. పైపైన కడిగితే అవి పోవు. ఎండకు వేడెక్కినప్పుడు మళ్ళీ మెల్లగా నీళ్ళలోకి, మట్టిలోకి దిగుతాయి. ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములను 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు కూడా ప్రమాదకర వ్యర్థంగానే లెక్కించాయి. వాటిని అనుమతి ఉన్నవారే శుద్ధి చేయాలి.

ఎలీషా ప్రవక్త దినములలో కరువు వచ్చినప్పుడు ఒకడు పొలములోనికి పోయి, ఏమిటో తెలియని అడవి కాయలు ఒడినిండా కోసుకొని వచ్చి వంట కుండలో వేసిన సంగతి 2 రాజులు 4వ అధ్యాయములో ఉన్నది. అతని ఉద్దేశం చెడ్డది కాదు. నలుగురి ఆకలి తీరాలనే వేశాడు. అయినా కుండ అంతా విషమైంది. చవక డ్రమ్ము ఇంటికి తెచ్చే తండ్రి ఉద్దేశం కూడా మంచిదే. తెలియకపోవడమే చిక్కు.

అందుచేత ఇట్లా చేయండి. చీటీ లేని డ్రమ్ము, చీటీ గీకేసిన డ్రమ్ము కొనవద్దు. పుర్రె గుర్తు గాని, మంట గుర్తు గాని ఉన్న డ్రమ్మును ఇంటి గడప దాటించవద్దు. మూత తీసి చూసినప్పుడు ఏదైనా వాసన వస్తే వదిలేయండి. వాసన రాకపోయినా, ముందు అందులో ఏమి వచ్చిందో తెలియకపోతే వదిలేయండి. పురుగుమందు డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు గుర్తులు ఉంటాయి. ఎరుపు అన్నిటికంటె విషం, ఆకుపచ్చ అన్నిటికంటె తక్కువ. ఆకుపచ్చ ఉన్నా ఆ డబ్బాలో నీళ్ళు గాని, నూనె గాని, విత్తనాలు గాని పోయవద్దు. ఇనుప రసాయన డ్రమ్మును గ్యాసు కట్టరుతో కోయించవద్దు. లోపల మిగిలిన ఆవిరి అంటుకొని డ్రమ్ము పేలిపోవచ్చు.

మరి పేదవారు ఏమి చేయాలి? మట్టి కుండీలు, పగిలిన గాబులు, సిమెంటు తొట్లు, పాత బకెట్లు, బియ్యం సంచులు చాలవా? బియ్యం సంచి అడుగున నాలుగు చిల్లులు పెట్టి, రెండు పాళ్ళ మట్టి, ఒక పాలు మాగిన ఎరువు కలిపి నింపితే వంగ, మిరప, టమాట చక్కగా వస్తాయి. నల్లరేగడి అయితే కొంచెం ఇసుక కూడా కలపండి, నీరు నిలవదు.

బూడిద, ఎరువు

మన పెద్దలు మొక్కకు బూడిద చల్లేవారు. అది కట్టెల పొయ్యి బూడిద. ఫ్యాక్టరీ బాయిలరు నుండి వచ్చే బొగ్గు బూడిద వేరు. అందులో సీసం, ఆర్సెనిక్ వంటివి ఉంటాయి. ఊరికే ఇస్తున్నారని మడిలో పోసుకోవద్దు, దానితో గిన్నెలు తోమవద్దు. కంపెనీలనుండి వచ్చే రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు పొయ్యిలో పెట్టినా ఆ బూడిద పనికిరాదు. ఆ పొగ కూడా మంచిది కాదు.

ఎరువుకు మూడడుగుల గుంట చాలు. ఒక వరుస ఎండుటాకులు, ఒక వరుస కూరల తొక్కలు, పైన పలుచగా కలిపిన పెండనీళ్ళు. అట్లా వరుసలు పేర్చి, మట్టి కప్పి, పదిహేను రోజులకొకసారి తిరగవేయండి. సుమారు మూడు నెలలకు ముక్కిపోయి, వాన పడిన మట్టి వాసన వస్తుంది. ఇట్లాంటి ఎరువు ఎంత ఎక్కువ ఉంటే మట్టిలోని లోహాలు మొక్కలోకి ఎక్కడం అంత తగ్గుతుంది. ఖర్చు లేదు, మేలు రెండింతలు.

ఏ మొక్క ఎక్కడ

ఆకుకూరలు, దుంపలు నేలలోని చెడును ఎక్కువగా పీల్చుకుంటాయి. చిక్కుడు, సొర, బీర, బెండ వంటి కాయకూరలలో సాధారణంగా అది తక్కువ. కాబట్టి నేల మీద అనుమానం ఉంటే నేలలో పందిరి పాదులు వేసి, తోటకూర, పుంటికూర, పాలకూర, మెంతికూరలను మంచి మట్టి నింపిన సంచుల్లో వేసుకోండి. రోడ్డు పక్క ఇల్లయితే మడిని రోడ్డుకు దూరంగా, ఇంటి వెనుక పెట్టండి. వండేముందు ఆకును రెండు మూడు నీళ్ళలో జాడించండి, దుమ్ము పోతుంది. జాగా ఉంటే ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక బొప్పాయి తప్పక ఉండాలి. ఒకసారి నాటితే ఇవి ఏళ్ళ తరబడి పెడతాయి.

పేనుబంక, పురుగు పడితే మందు డబ్బా కొనవద్దు. ఎండిన వేపగింజలు 50 గ్రాములు దంచి, మూటకట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పిండి, వడగట్టి, చిటికెడు సబ్బు కలిపి, సాయంకాలం ఆకుల అడుగున తగిలేటట్టు చల్లండి. వేసవి చివర చెట్ల కింద రాలిన వేపగింజలు పిల్లలచేత ఏరించి ఎండబెట్టుకుంటే ఏడాదంతా సరిపోతాయి. విత్తనాలు కూడా కొననక్కర లేదు. మొదట కాసిన మంచి సొరకాయ ఒకటి తీగకే ముదరనిచ్చి, గింజలు నీడన ఆరబెట్టి, కట్టెల బూడిదలో కలిపి సీసాలో దాచుకోండి.

ఈ నెల మూడు పనులు పెట్టుకోండి. మొదటిది, ఇంట్లో ఉన్న ప్రతి డ్రమ్మునూ తిప్పి చూసి, అది ఎక్కడిదో తెలుసుకోండి. తెలియనిదాంట్లో ఈ రోజునుండే తాగే నీళ్ళు పోయడం మానండి. దాన్ని ఇంకొక పేదవానికి అమ్మవద్దు, మన ఇంట్లో వద్దనుకున్న విషం పక్కింట్లో ఎందుకు? రెండవది, వీధివారు కలిసి బోరు నీళ్ళ పరీక్షకు ప్రయత్నం మొదలుపెట్టండి. మూడవది, ఒక్క సంచిలోనైనా ఏదో ఒక విత్తనం పెట్టండి. నాలుగు వారాల్లో తోటకూర కోతకు వస్తుంది. మొదటి కోతలో ఒక కట్ట పొరుగింటికి పంపండి. నీళ్ళ సంగతి, డ్రమ్ము సంగతి వారికీ చెప్పడానికి అది మంచి సమయము.